గోడనడుగు

"ఏం రాయాలో గోడనడుగు," అని మేనేజరు ఫోను పెట్టేశాడు.

పెయింటర్ గోడ వంక చూశాడు. గోడ కూడా పెయింటర్ వంక చూసింది.

అది ఆటస్థలం చుట్టూ ఉన్న ప్రహరీ గోడ. నిలువెత్తు కన్నా ఎత్తు, నడిచిన కొద్దీ పొడుగు. కొత్తగా సున్నం కొట్టించి పెట్టారు. రగ్బీ చూడ్డానికి వచ్చే కొత్తవాళ్ళు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయాలి. మూడు వారాల్లో, అమ్మాయిల ఆఖరి మ్యాచ్ నాటికి అయిపోవాలి. అంతవరకూ అతనికి తెలుసు. తెలియనిది రగ్బీ ఒక్కటే. ఒకసారి టీవీలో చూసి, ఎవరో కొట్టుకుంటున్నారనుకుని ఛానల్ మార్చేశాడు.

గోడనడగడమేమిటి? పాత రాతలేమైనా కింద ఉన్నాయేమోనని ఒకచోట సున్నం గోకి చూశాడు. ఏమీ లేవు. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "ఏం రాయమంటావే తల్లీ?" అని గోడనే అడిగేశాడు.

"ముందు ఆ నిచ్చెన తియ్యమంటాను," అంది గోడ.

పెయింటర్ చేతిలో కుంచె జారి పడింది.

వెనక్కి తిరిగితే ఒక అమ్మాయి. మోకాళ్ళ దాకా బురద. చెవుల మీదుగా తల చుట్టూ తెల్లటి టేపు. మెడ ఎక్కడ అయిపోయిందో, భుజాలు ఎక్కడ మొదలయ్యాయో చెప్పడం కష్టం. చంకలో కోడిగుడ్డులాంటి బంతి.

"గేటుకి అడ్డంగా పెట్టారండీ నిచ్చెన. మా వాళ్ళంతా లోపలే ఉండిపోయారు."

"అయ్యో, సారీ అండి. ఇంతకీ మీరు?"

"గోడ."

"ఆఁ?"

"నన్ను ఇక్కడ గోడ అంటారు. మేనేజరు గారు పంపిన పెయింటర్ మీరేనా? మరి అటు తిరిగి ఎవరితో మాట్లాడుతున్నారు?"

"గోడతోనే మాట్లాడమన్నారండి," అన్నాడతను నిజాయితీగా.

గేటు లోపల పద్నాలుగు గొంతులు ఒక్కసారి గొల్లుమన్నాయి. "ఆర్టిస్టు గారికి గోడ పలికిందర్రోయ్!" అని ఎవరో అరిచారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, బంతిలో మొహం దాచుకుంది. అంత బలమైన మనిషి అంత చిన్నగా సిగ్గుపడటం పెయింటర్ ఎక్కడా చూడలేదు.

నిచ్చెన తీశాక ఆమె జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. అందులో పదకొండు ప్రశ్నలున్నాయి.

బంతి గుండ్రంగా ఎందుకు లేదు? ముందుకు పరిగెత్తే ఆటలో బంతిని వెనక్కి ఎందుకు ఇస్తారు? తలకి హెల్మెట్ ఎందుకు పెట్టుకోరు? అందరూ తలలు దూర్చి గుంపుగా ఎందుకు తోసుకుంటారు? పడిపోయిన మనిషి మీద పడితే అడిగేవాడే లేడా?

చదువుకుంటూ వచ్చి పెయింటర్ ఆఖరు దాని దగ్గర ఆగాడు. 'ఇది ఆడి ఏం సాధిస్తావు?'

"జనం ఇలా 'సాధిస్తావు' అని అడుగుతారాండీ? సాధిస్తారు అని ఉండాలేమో."

ఆమె కాగితం లాక్కుని, ఆ ఒక్క ప్రశ్న కింది నుంచి చింపి జేబులో పెట్టుకుంది. "అది రాయక్కర్లేదు."

కాస్సేపు బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తర్వాత తనే చెప్పింది.

"ఇవి జనం ప్రశ్నలు కావండి. మా నాన్నవి. స్కూలు వాన్ నడుపుతారాయన. మూడేళ్ళుగా నేను ఆడుతున్నా, ఒక్క ఆట చూడలేదు. ఇంటికి తెచ్చుకున్న దెబ్బలు మాత్రం అన్నీ చూశారు. మొన్న పెదవి చిట్లితే అన్నారు: 'ఆఖరి మ్యాచ్‌కి వస్తాను. ఒక్కసారి కళ్ళారా చూస్తాను. చూశాక మానెయ్యమంటే మానెయ్యాలి' అని. నేను సరేనన్నాను."

"సరేనన్నారా!"

"అన్నాను. ఆయన మాట తప్పే మనిషి కాదు, నేనూ కాదు. అందుకే ఆయన గేటు దాటేలోపు సగం ప్రశ్నలకైనా జవాబు దొరకాలి. మేనేజరు గారికి గోడ మీద ప్రకటన కావాలి. నాకు మా నాన్న కావాలి. మీరు ఎవరి కోసం రాస్తారో మీ ఇష్టం."

అలా అడిగితే ఎవడు మాత్రం మేనేజరు కోసం రాస్తాడు?

* * *

రోజూ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఒక ప్రశ్నకి జవాబు. అదీ ఒప్పందం. ఆమె తువ్వాలు మెడలో వేసుకుని అరుగు మీద కూర్చునేది. అతను రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చునేవాడు.

"బంతి ఎందుకలా ఉంటుందండీ?"

"పూర్వం పంది పొట్టలోంచి తీసిన తిత్తిలో గాలి ఊది, పైన తోలు కుట్టేవారట. దాని ఆకారమే అది."

"గోడ మీద రాయమంటారా?"

"రాస్తే మా నాన్న ఆ పూట అన్నం ముట్టరు. చంకలో ఇమడడానికి అని రాయండి. అదీ నిజమే."

రెండో రోజు ఆమె బంతిని అతని చేతిలో పెట్టి పరిగెత్తమంది. పది అడుగులు వెయ్యగానే వెనక నుంచి "ఇటు!" అని కేక. వెనక్కి తిరిగి చూడబోయాడు.

"చూడకండి! ఇచ్చేయండి!"

"ఎవరికని ఇవ్వను? ముందు ఎవరూ లేరుగా!"

"ఎవరూ ఉండరు. బంతి మీ చేతిలో ఉంటే మీ ముందు అంతా అవతలి వాళ్ళే. మనవాళ్ళందరూ వెనకే ఉంటారు. కాలితో తంతే ముందుకు వెళ్ళొచ్చు, చేత్తో ఇస్తే మాత్రం వెనక్కే. వెనక ఉన్నారని నమ్మి ఇచ్చెయ్యడమే."

పెయింటర్ పక్కకి తిప్పి గుడ్డిగా విసిరాడు. చప్పుడు కాలేదు. బంతి నేల మీద పడలేదన్నమాట. వెనక్కి చూస్తే అది ఆమె రెండు చేతుల్లో, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు ఒదిగి ఉంది.

ఆ సాయంత్రం అతను ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాడు. బస్సు ఎక్కడం మర్చిపోయాడు.

ఇంకోరోజు స్క్రమ్ గురించి అడిగాడు. ఎనిమిది మంది ఎనిమిది మందికి ఎదురుగా, భుజాలు భుజాలకి కలిపి తోసుకోవడం.

"ఇది చెప్తే అర్థం కాదు. రండి, తోయండి."

"మిమ్మల్నా?"

"గోడనే అనుకోండి."

ఆమె వంగి నిలబడింది. అతను రెండు చేతులూ ఆమె భుజం మీద ఆనించి, ముందు మర్యాదగా, తర్వాత సీరియస్‌గా, తర్వాత పళ్ళు బిగించి తోశాడు. ఆమె కదల్లేదు. ఉన్నట్టుండి ఒక్క అడుగు ముందుకు వేసింది. అంతే. అతను నిలబడే ఉన్నాడు, కానీ వెనక్కి పోతున్నాడు. చెప్పులు మట్టిలో రెండు చాళ్ళు తీశాయి.

"నొప్పెట్టిందా?" అంది కంగారుగా.

"లేదండి," అన్నాడు. అతనికి చెట్టు వేరు నేలలో ఎలా పని చేస్తుందో మొదటిసారి తెలిసినట్టుంది. "ఇంత బలం ఎక్కడిదండీ?"

"నాది కాదండి. వెనక ఏడుగురు తోస్తారు కదా, వాళ్ళది నా గుండా వెళ్తుంది. ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను. సగం కూడా చూడలేదు మీరు."

తర్వాత ట్రై వంతు వచ్చింది.

"ట్రై అంటే ప్రయత్నమే కదండీ? ప్రయత్నిస్తేనే పాయింట్లిచ్చేస్తారా? మా స్కూల్లో అలా ఉంటే నేను కలెక్టర్నయ్యేవాణ్ణి."

"అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై. దాటితే చాలదు, బంతి మీద చెయ్యి ఉండగానే అది నేలకి తగలాలి. ఒకప్పుడు దానికి పాయింట్లే లేవట. గోల్‌కి తన్నడానికి ఒక ప్రయత్నం చేసుకోనిచ్చేవారు, అంతే. ఆ పేరు ఉండిపోయింది. ఇప్పుడు ఐదు పాయింట్లు. ఆ తర్వాత గోల్ మీదుగా తన్నితే ఇంకో రెండు."

అతనా మాటని పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాడు ఇంకో ప్రశ్న, ఆ మర్నాడు ఇంకోటి. కాగితం మీద పది ప్రశ్నలే ఉన్నా పెయింటర్ దగ్గర మాత్రం అవి అయిపోయేవి కావు. రిఫరీతో అందరూ మాట్లాడొచ్చా? వాన పడితే ఆపేస్తారా? ఎనభై నిమిషాలూ పరిగెత్తాలా? ఆమె ఓపిగ్గా చెప్పేది. మధ్యలో "ఆర్టిస్టు గారూ, ఇది నిన్న అడిగారు," అనేది. అతను కొత్త ప్రశ్న వెతుక్కునేవాడు.

మూడో వారానికి అతని కలలోకి కూడా గుండ్రని బంతి రావడం మానేసింది. ట్రై అంటే ఇక అతనికి ఒక్కటే అర్థం: గీత, నేల, బంతి.

కొంప ముంచింది అదే.

* * *

మ్యాచ్ ముందు రెండు రోజులు ఆటగాళ్ళకి విశ్రాంతి. ఆమె రాలేదు. గోడ మధ్యలో ఇంకా చోటు మిగిలింది. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు.

ముందు ఆమె బొమ్మ వేశాడు. చంకలో బంతితో, తల వంచి, ఎదురొచ్చే గాలిని కూడా తోసుకుంటూ పోతున్నట్టు. పైన ఎర్రటి అక్షరాలతో 'మా అమ్మాయిలు' అని రాశాడు. బొమ్మ కింద, ఆమె చెప్పిన జవాబులు రాశాడు. అక్షరం పెద్దది కావాలి, చోటు చిన్నది. అందుకని గీత, నేల అనే సంగతంతా తీసేసి, ముక్కలో తేల్చేశాడు:

ట్రై చేస్తే ఏమొస్తుంది? ఐదు పాయింట్లు!

ఎవరైనా ట్రై చెయ్యొచ్చా? పదిహేను మందిలో ఎవరైనా చెయ్యొచ్చు!

ఒకసారి కుదరకపోతే? ఆట అయ్యేదాకా ఎన్నిసార్లయినా ట్రై చెయ్యొచ్చు!

నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఇంత అందంగా ఎప్పుడూ రాయలేదనిపించింది. నిజంగానే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం వచ్చేసరికి గోడ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. అతని గుండె పొంగింది. చదువుతున్నారు! దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, ఎవరైనా ట్రై చెయ్యొచ్చట్రా. పదిహేను మందిలో నువ్వెన్నోవాడివి?"

"నాకు ఒకసారి కుదర్లేదు. ఎన్నిసార్లయినా అన్నారుగా, లైన్లో ఉన్నా."

"అమ్మాయికి ట్రై చేస్తే ఐదు పాయింట్లు. వాళ్ళ నాన్నకి దొరికితే ఎన్నిరా?"

ఒకటే ఇకఇకలు, బొమ్మ పక్కన నిలబడి ఫోటోలు. పెయింటర్‌కి నవ్వెందుకో ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత ఆ మాటకి బజార్లో ఉన్న అర్థం, పుట్టినప్పటి నుంచీ తనకీ తెలిసిన అర్థం, ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చిన చుట్టంలా గుర్తొచ్చింది. ఫలానా అమ్మాయికి ట్రై చేస్తున్నానంటే, వెంట పడుతున్నానని. మెడ మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది.

"ఆర్టిస్టు గారూ."

ఆమె వెనకే నిలబడి ఉంది. ఆటకి తయారై ఉంది. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

"చదవండి. పైకి."

అతను చదివాడు. మొదటి లైను గట్టిగా, రెండోది మెల్లగా. మూడోది నోట్లోంచి రాలేదు.

"నా ఉద్దేశం అది కాదండి."

"మీ ఉద్దేశం నాకు తెలుసు. మా నాన్నకెలా తెలుస్తుంది? ఇంకాసేపట్లో వస్తారు. ఆయన ఈ ఆట గురించి చదివే మొదటి ముక్క ఇదీ!"

"ఇప్పుడే సున్నం కొట్టేస్తాను."

ఆమె బొమ్మ వంక చూసింది. చాలాసేపు చూసింది. "బొమ్మ మాత్రం..." అని ఆగి, తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అతను పరిగెత్తి తెల్ల రంగు డబ్బా తెచ్చాడు. ఫోటోల వాళ్ళని తోసుకుంటూ కుంచె ముంచాడు. మొదటి 'ట్రై' మీద పెట్టబోతుంటే ఒక గొడుగు కొన వచ్చి అతని చేతికి అడ్డంగా ఆగింది.

"తుడపకు. చదవనీ."

పెద్దాయన. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో తాడుకి వేలాడే వాన్ తాళాలు. ఎడమ చెవి దగ్గర కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్కో అక్షరం చదువుతున్నాడు. కుర్రాళ్ళు ఎందుకో నెమ్మదిగా జారుకున్నారు.

"మా అమ్మాయి బొమ్మ ఇది," అన్నాడాయన.

"అవునండి."

"కింద రాత నీదేనా?"

పారిపోవడానికి దారి ఉంది. నిచ్చెన వెనక నుంచి వెళ్ళిపోవచ్చు. పెయింటర్ డబ్బా కింద పెట్టాడు.

"నాదేనండి. తప్పు నాది. ఆమె చెప్పింది వేరు, నేను కుదించి పాడు చేశాను. ట్రై అంటే ఆటలో మాటండి. బయటి అర్థం నాకు తట్టలేదు."

"తట్టలేదూ! ఏ ఊరి నుంచి ఊడిపడ్డావు?"

"మూడు వారాలుగా ఇక్కడే ఉన్నానండి. అందుకే తట్టలేదు."

ఆయన అతన్ని కింది నుంచి పైకి చూశాడు. "సరే, పద. నా పక్కన కూర్చో. ఒక్కోటీ చెప్పు. లోపల ఆట కూడా నీ రాతలాగే ఉందనుకో, మధ్యలోనే లేపి ఇంటికి తీసుకెళ్తా. మళ్ళీ ఈ గేటు తొక్కదు."

* * *

మెట్ల మీద కూర్చునేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆయన గొడుగు విప్పి సగం పెయింటర్ మీదకి జరిపాడు. అది ప్రేమ కాదు, సాక్షిని దగ్గర పెట్టుకోవడం.

ఈల మోగింది.

"ఆ పిల్ల కింద పడగానే బంతి వదిలేసిందేం?"

"పడితే వదిలెయ్యాలండి. పట్టుకుని పడుకుంటే తప్పు."

"పడ్డాక కూడా రూలా?"

"పడ్డాకే ఎక్కువండి."

అవతలి జట్టు పిల్ల ఒకతి మన పిల్ల మెడ చుట్టూ చెయ్యి వేసి లాగింది. గొడుగు పిడి మీద ఆయన పిడికిలి బిగుసుకుంది. వెంటనే ఈల. పసుపు కార్డు.

"భుజాల పైన పట్టకూడదండి. పది నిమిషాలు బయట కూర్చోవాలి."

"మా వాన్‌లో పెట్టించుకోవాలి అదొకటి," అన్నాడాయన. నవ్వలేదు.

రిఫరీ మన జట్టు కెప్టెన్‌ని పిలిచాడు. అందరూ దూరంగా నిలబడ్డారు. వాళ్ళమ్మాయి ఒక్కతే ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఊపుతోంది.

"ఏమంటోంది?"

"'అలాగే సర్' అంటుందండి. రిఫరీ చెప్తే ఎవరూ ఎదురు చెప్పరు. అడగాలన్నా కెప్టెనే అడగాలి."

"అలాగే అంటోందా! మా అమ్మాయేనా? సరిగ్గా చూడు."

అప్పుడు మొదటి స్క్రమ్ వచ్చింది. పదహారు మంది వంగారు. ఒక్క క్షణం మైదానమంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత తలుపు విరిగినట్టు ఒక చప్పుడు. పెయింటర్ మూడు వారాలుగా దీని గురించి విన్నాడు, బొమ్మ గీశాడు, అక్షరాలు రాశాడు. ఈ చప్పుడు మాత్రం ఏ అక్షరంలోనూ లేదు. వానలో ఆ గుంపు మీంచి ఆవిరి లేస్తోంది. ముందు వరసలో ఆమె వీపు పలకలా నిలబడింది. ఏడుగురి బలం ఆమె గుండా వెళ్తోంది. అంగుళం, ఇంకో అంగుళం. అవతలి గుంపు కొండ జరిగినట్టు వెనక్కి జరిగింది.

పెద్దాయన గొడుగు పక్కకి వంచి ముందుకు జరిగాడు.

గీత పక్క నుంచి బంతి విసరడానికి అందరూ రెండు వరసలు కట్టారు. ఆమె వంగి, ఎదురుగా ఉన్న పొడుగు పిల్లని తొడల దగ్గర పట్టుకుని, ఒక్క ఊపున పైకి ఎత్తింది. ఆ పిల్ల వానలోకి లేచింది. గాల్లో రెండు చేతులు చాపి బంతి అందుకుంది. కింద ఆమె చేతులు వణకలేదు. మనిషిని దేవుడికి చూపిస్తున్నట్టు పట్టుకుని నిలబడి, మెల్లగా, గాజు బొమ్మని దించినట్టు దించింది.

"ఎత్తింది మా అమ్మాయేనా?"

"అవునండి."

"ఇంట్లో గ్యాస్ బండ జరుపుతుంటే నడుం పట్టేస్తుందని నేను లాక్కుంటాను," అన్నాడాయన నెమ్మదిగా. ఆ తర్వాత తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

రెండో సగంలో వాన పెద్దదైంది. అవతలి నీలం జట్టు పిల్ల ఒకతి లారీలా దూసుకొస్తుంటే వాళ్ళమ్మాయి అడ్డం పడింది. రెండు ఒళ్ళు ఢీకొన్నాయి. నీలం పిల్ల లేచింది. ఈమె లేవలేదు.

గొడుగు పక్కన పడిపోయింది. ఆయన అప్పటికే రెండు మెట్లు దిగేశాడు. పెయింటర్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వెళ్ళకూడదండి."

"నా కూతురురా అది!"

"తెలుసండి. చూడండి, డాక్టరు వెళ్ళింది. మాట్లాడుతోంది. అదుగో, చెయ్యి కదిలింది." చెప్తున్న గొంతు అతనిదే. వణుకుతున్న చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలియలేదు.

ఆమె మోకాలి మీదికి లేచింది. ఆమెని పడగొట్టిన నీలం పిల్లే చెయ్యందించి నిలబెట్టింది. భుజం తట్టింది. ఆట మళ్ళీ మొదలైంది. పెద్దాయన కూర్చున్నాడు గానీ పెయింటర్ చెయ్యి వదల్లేదు.

పది, పదిహేడు. ఏడు పాయింట్లు వెనకబడ్డారు. రెండు నిమిషాలుంది. బంతి గీతకి అయిదడుగుల దూరంలో చిక్కుకుంది. ఒకతి తీసుకుని దూకింది, పడింది, వదిలేసింది. ఇంకొకతి దూకింది, పడింది. అంగుళాల లెక్క. మూడోసారి గోడ వంగింది. బంతి తీసుకుంది. ముందు ముగ్గురు నీలం జట్టు వాళ్ళు. ఆమె వాళ్ళని తప్పుకోలేదు. వాళ్ళలోకి వెళ్ళింది. వెనక నుంచి తనవాళ్ళు వచ్చి ఆనుకున్నారు. ఆ గుట్ట మొత్తం నెమ్మదిగా, భూమి జారినట్టు గీత మీదకి ఒరిగి కూలిపోయింది.

బంతి ఎవరికీ కనబడలేదు.

"దాటిందా?" అన్నాడాయన.

"దాటింది. పెట్టిందో లేదో."

"పెట్టాలా?"

"నేలకి ఆనించాలండి. లేకపోతే లేనట్టే."

రిఫరీ బురదలో బోర్లా పడుకున్నాడు. గుట్టలో తల దూర్చాడు. మైదానంలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. రిఫరీ మోకాళ్ళ మీద లేచి, చెయ్యి నిటారుగా పైకెత్తి, ఈల ఊదాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని కేకలేసీ కేకలేసీ పదునెక్కిన ఆ గొంతు స్టాండ్ పైకప్పుకి తగిలింది.

"ట్రై! మా అమ్మాయి ట్రై చేసిందీ!"

కింద కూర్చున్న ఫోటోల కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒక్కడు కూడా నవ్వలేదు. ఒకడు లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ లేచారు.

ఆ తర్వాతి రెండు పాయింట్ల కోసం తన్నిన బంతి గోల్ స్తంభానికి తగిలి బయటపడింది. ఓడిపోయారు. అయినా ఎవరూ వెళ్ళిపోలేదు. గెలిచిన నీలం జట్టు రెండు వరసలుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే ఓడినవాళ్ళు ఆ మధ్యలోంచి నడిచారు. తర్వాత ఓడినవాళ్ళు అలాగే నిలబడి గెలిచినవాళ్ళని పంపారు. పెద్దాయన అది చివరిదాకా నిలబడి చూశాడు.

* * *

గేటు బయట, బొమ్మ ఉన్న గోడ దగ్గర, ఆమె తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు తప్ప అంతా బురదే. పెయింటర్ కుంచె చేత్తో పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. ఇక్కడ తనకి చోటు లేదు. కానీ వెళ్ళబుద్ధి కాలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడాయన.

"ఉంది నాన్నా."

"ఎక్కడ?"

"అన్ని చోట్లా."

"మళ్ళీ ఆడాలని ఉందా?"

ఆమె గొంతు సవరించుకుంది. "ఉంది. కానీ మాటిచ్చాను కదా. మీరు చెప్పండి."

ఆయన వంగాడు. తడి నేల మీద ఒక మోకాలు ఆనించి, ఆమె కుడి పాదం పట్టుకుని, పశువుకి లాడం కొట్టేవాడిలా పైకెత్తి, బూటు అడుగు చూశాడు. బురద వేలితో తుడిచాడు.

"ఇరవై రెండు సార్లు జారావు. లెక్కపెట్టాను. ఇది చూడు, అడుగంతా నున్నగా అరిగిపోయింది. అరిగిన టైరుతో నేను వాన్ తీయను. దీంతో నిన్నెలా పంపాలి?" లేచి నిలబడి చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. "రేపు డ్యూటీ అయ్యాక వెళ్దాం. వచ్చే సీజన్‌కి కొత్తవి అలవాటు చేసుకోవాలిగా."

ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. బురద మొహాన్ని ఇస్త్రీ చొక్కాలో దాచుకుంది. ముగ్గురు మనుషుల్ని తోసుకుపోయిన భుజాలు చిన్నపిల్ల భుజాల్లా కదిలాయి. ఆయన టేపు చుట్టిన తల మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి, "వాన్ ఎక్కడో పెట్టాను. తిప్పుకొస్తాను," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. వెళ్తూ పెయింటర్ వంక ఒక చూపు చూశాడు. అందులో కోపం లేదు, పిలుపూ లేదు. వదిలెయ్యడమూ లేదు.

ఇద్దరే మిగిలారు.

"మా నాన్న ఎన్ని ప్రశ్నలడిగారు?" అంది ఆమె.

"నలభై పైనే. ఒక్కదానికి తప్ప అన్నిటికీ చెప్పాను."

"ఆ ఒక్కటీ?"

"'ఆటగాడివి కాదు, చుట్టానివి కాదు. నా కూతురు పడిపోతే నీ చెయ్యెందుకు వణికింది బాబూ?' అన్నారు."

"ఏం చెప్పారు?"

"వాన చప్పుడు ఎక్కువగా ఉందండి. వినబడనట్టు ఊరుకున్నాను."

ఆమె తల ఎత్తి ఆకాశం వంక చూసింది. మళ్ళీ అతని వంక చూసింది.

"ఇప్పుడు వాన లేదు," అంది.

నిజమే. ఎప్పుడు ఆగిందో ఇద్దరూ చూడలేదు.

పెయింటర్ గోడల మీద ఎన్నో మాటలు రాశాడు. అన్నీ ఎవరో చెప్పినవే. సొంత మాట కోసం వెతుక్కోవడం అతనికి ఇదే మొదలు.

"మీ కాగితంలో పది ప్రశ్నలే ఉన్నాయండి. మిగిలినవన్నీ నేను పుట్టించినవి. ప్రశ్నలు అయిపోతే మీరు రేపటి నుంచి మాట్లాడరేమోనని భయం. గోడ మీద అంత చెత్త రాశానంటే అందుకే. మీరంటే నాకు ఇష్టం. భుజాలతో సహా, బురదతో సహా. మీరు స్క్రమ్‌లో తోస్తుంటే నాకు దణ్ణం పెట్టాలనిపించింది. మీరు పడిపోతే..." అతను డబ్బా వంక చూశాడు. "అంతేనండి. తప్పయితే సున్నం డబ్బా రెడీగా ఉంది."

ఆమె చెవుల దగ్గర టేపు విప్పడం మొదలుపెట్టింది. చుట్టు తరవాత చుట్టు, తొందర లేకుండా. ఏమంటుందోనని అతను టేపు పొడుగు చూస్తూ నిలబడ్డాడు.

"బొమ్మ తుడపొద్దు," అంది చివరికి. "కింద రాతలు తుడిచేయండి. ఆ చోట్లో ఏం రాయాలో రేపు సాయంత్రం చెప్తాను. ఎల్లుండీ రండి. సరిగ్గా కుదరకపోతే ఆ తర్వాత కూడా."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గేటు ముందు స్కూలు వాన్ వచ్చి ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది.

ఆమె పెయింటర్ చేతిలోంచి కుంచె తీసుకుని డబ్బాలో పెట్టింది. డబ్బా తనే ఎత్తుకుంది. ఇంకో చేత్తో నిచ్చెన భుజానికెత్తుకుని గేటు వైపు తిరిగింది.

"వస్తున్నాం నాన్నా!" అని అరిచింది.

వస్తున్నా అనలేదు. వస్తున్నాం అంది. పెయింటర్ అక్కడే ఒక్క క్షణం ఆగిపోయాడు. ఊళ్ళో షాపుల బోర్డుల మీద, గోడల మీద కొన్ని వేల సున్నాలు చుట్టిన చెయ్యి అతనిది. ఆ మాట చివర ఉన్న సున్నా అంత గుండ్రంగా, అంత నిండుగా ఒక్కటీ కుదరలేదు.